చరోదా నుంచి సముద్రానికి పట్టాల దారి

గూడ్సు బళ్లు ఎన్నడూ ఆగని ఊళ్లో మనుషులు కదల్లేని రోజులొచ్చాయి. అప్పుడు ఓ కుర్రాడు ఫోన్ తెరమీద రైలు మార్గం వేశాడు. ఓపెన్ వరల్డ్ ఆటల్లో దొరికే ఊరట ఎలాంటిదో, ఎంతవరకో ఆ మార్గం చెబుతుంది.

భిలాయ్ పేరు చెబితే ఉక్కు గుర్తొస్తుంది. దాన్ని ఆనుకునే ఉన్న చరోదా పేరు చెబితే బయటివారికి ఏదీ గుర్తురాదు. హౌరా-ముంబయి ప్రధాన మార్గంలో రాయ్‌పూర్, కుమ్హారీ దాటి దుర్గ్ వైపు వెళ్లే ప్రయాణికుడికి అది ఊరిలా కాక పట్టాల గుంపులా కనిపిస్తుంది. రెండు లైన్లు నాలుగవుతాయి. నాలుగు పదవుతాయి. ఆ తర్వాత లెక్క తప్పుతుంది. బొగ్గు నింపుకున్నవి, ఖాళీవి, ఎర్రటి ఇనుప ధూళి పట్టినవి, వరసలు వరసలుగా వ్యాగన్లు. ఎక్స్‌ప్రెస్ రైలు అక్కడ ఆగదు. ఇంకెన్ని వ్యాగన్లని అనుకునేలోగా భిలాయ్-3 వచ్చేస్తుంది.

ఆ పట్టాల గుంపే భిలాయ్ మార్షలింగ్ యార్డు. రైల్వే వాళ్ల నోట బీఎంవై. ఉక్కు కర్మాగారానికి వచ్చే సరుకునూ, అక్కడి నుంచి వెళ్లే సరుకునూ విడదీసి, జతచేసి, దారి పట్టించే చోటు. దల్లీ-రాజ్‌హరా గనుల నుంచి ఇనుప ఖనిజం, దూరదూరాల నుంచి బొగ్గు ఇటు వస్తాయి. భిలాయ్‌లో తయారైన రైలు పట్టాలు దేశం నలుమూలలకూ వెళ్తాయి. పక్కనే ఎలక్ట్రిక్ లోకో షెడ్డు. దాని చుట్టూ రైల్వే క్వార్టర్లు. ఇంకాస్త దూరంలో గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు. దాన్ని ఎవరూ పూర్తిపేరుతో పిలవరు, జీఈ రోడ్డంటే చాలు. కాగితాల మీద ఈ ఊరు భిలాయ్-చరోదా నగరపాలక సంస్థ. భిలాయ్ నగరపాలక సంస్థ వేరు, ఇది వేరు.

ఇక్కడ రాత్రికి నిశ్శబ్దం ఉండదు. వ్యాగన్‌కు వ్యాగన్ తగులుకునే చప్పుడు, ఇంజన్ కూత, ఎక్కడో మైకులో వినిపించే మాట. కొత్తగా వచ్చిన చుట్టానికి మొదటి రెండు రాత్రులు నిద్ర పట్టదు. ఊళ్లోవాళ్లకు ఆ చప్పుడు ఆగితేనే మెలకువ వస్తుంది.

శ్రీకాకుళం నుంచి వచ్చినవారు

చరోదా సందుల్లో తెలుగు వినిపించడం కొత్తవారికి వింతగా ఉంటుంది. చరిత్ర తెలిస్తే అందులో వింతేమీ లేదు. విజయనగరం-రాయ్‌పూర్ రైలు మార్గం 1931 నాటికి పూర్తయింది. పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా కొండల్లోంచి సాగే ఆ లైను ఉత్తరాంధ్రను ఛత్తీస్‌గఢ్ మైదానానికి ముడివేసింది. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఖరగ్‌పూర్ మొదలుకొని ఇటువైపు దాకా తెలుగువారు రైల్వే పనుల్లో చేరుతూనే ఉన్నారు. 2003లో కొత్త జోన్లు ఏర్పడేదాకా వాల్తేరు, బిలాస్‌పూర్, ఖరగ్‌పూర్ అన్నీ ఆగ్నేయ రైల్వే గొడుగు కిందే ఉండేవి.

దీనికితోడు ఉక్కు కర్మాగారం వచ్చింది. సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. పని దొరుకుతుందన్న కబురు శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకు చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఒకరు వెళ్లి తమ్ముణ్ని పిలిచారు. తమ్ముడు బావమరిదిని పిలిచాడు. విశాఖ రేవులో దిగిన బొగ్గు ఏ లైను మీద భిలాయ్ వస్తోందో, మనుషులూ ఆ లైను మీదే వచ్చారు.

మూడో తరం పిల్లలు బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో శ్రీకాకుళం యాసతో తెలుగు మాట్లాడతారు. తెలుగు చదవడం చాలామందికి రాదు. కానీ ఊరంటే ఏ ఊరని అడిగితే తడుముకోకుండా తాత పుట్టిన పల్లె పేరే చెబుతారు. వేసవి సెలవులు వస్తే ఆ ఊరికి ప్రయాణం. రాయ్‌పూర్‌లో రైలెక్కితే మహాసముంద్ దాటాక నిద్ర. రాయగడ తర్వాత కొండలు. పార్వతీపురం వచ్చేసరికి ప్లాట్‌ఫాం మీద తెలుగు అక్షరాలు.

మా పెద్దమ్మ కూతురు పెళ్లయి చరోదా వెళ్లింది ఈ దారిలోనే. బావ లోకో పైలట్. గూడ్సు బళ్లు నడిపేవాడు. కళింగపట్నం దగ్గర పల్లె ఆయనది. రన్నింగ్ స్టాఫ్ ఇళ్లలో పగలు, రాత్రి అనే తేడా ఉండదు. ఒకప్పుడు కాల్ బాయ్ సైకిలు మీద వచ్చి తలుపు కొట్టేవాడు. ఇప్పుడు ఫోన్ మోగుతుంది. అర్ధరాత్రి రెండైనా సరే బ్యాగు సర్దుకుని లాబీకి వెళ్లి సంతకం పెట్టాలి. బండి నడిపి, అవతలి చివర రన్నింగ్ రూమ్‌లో పడుకుని, మళ్లీ ఇంకో బండి పట్టుకుని ఇంటికి రావాలి. వచ్చినవాణ్ని ఎన్ని గంటలు పనిచేశావని ఇంట్లో ఎవరూ అడగరు. ‘ఈసారి ఎక్కడిదాకా వెళ్లావు?’ అనే అడుగుతారు.

సరుకు కదిలింది, మనుషులు ఆగారు

2020 మార్చి చివర్లో దేశమంతటా ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. అంతకుముందెన్నడూ జరగని సంగతి అది. కానీ గూడ్సు బళ్లు ఆగలేదు. ధాన్యం, బొగ్గు, ఎరువులు, ఉక్కు కదులుతూనే ఉన్నాయి. చరోదాకు అది విచిత్రమైన అనుభవం. ఇంటి ముందు నుంచి ఎప్పటిలాగే బళ్లు వెళ్తున్నాయి. వాటిని నడిపేది ఆ ఇళ్లలోని మగవాళ్లే. వారి భార్యాబిడ్డలు మాత్రం ఎక్కడికీ కదల్లేరు. ఆ వేసవిలో శ్రీకాకుళం ప్రయాణాలు లేవు.

మరుసటి ఏడు ఇంకా కఠినంగా వచ్చింది. రెండో అల ఛత్తీస్‌గఢ్‌ను దెబ్బతీసినప్పుడు ముందు వరసలో ఉన్న జిల్లాల్లో దుర్గ్ ఒకటి. 2021 ఏప్రిల్ 6 నుంచి జిల్లాలో లాక్‌డౌన్ విధించారు. భిలాయ్ కర్మాగారం నుంచి ఆక్సిజన్ ట్యాంకర్లు ఆస్పత్రులకు పరుగులు తీస్తున్న రోజులవి. ఆ ఏప్రిల్‌లోనే బావ పోయాడు. ఆస్పత్రిలో చేరిన ఆరో రోజు ఫోన్ వచ్చింది. దహనానికి ఇద్దరినే రానిచ్చారు. ఊరి నుంచి ఎవరం వెళ్లలేకపోయాం. అస్థికల ముంత శ్మశానంలో చెట్టుకు కట్టి ఉంచారు. వంశధార సముద్రంలో కలిసే చోట వాటిని కలపాలన్నది ఇంటి ఆచారం. ఎప్పుడు వెళ్లగలరో చెప్పేవారు లేరు.

వాళ్లకు ఒక్కడే కొడుకు. అప్పటికి పదమూడేళ్లు. ఆన్‌లైన్ తరగతుల కోసం తండ్రి ఫోన్ వాడి దగ్గరే ఉండేది. డ్యూటీ పిలుపులు వచ్చిన ఫోన్ అదే. పది రోజులు దాటాక అక్క నాకు ఫోన్ చేసి చెప్పిన మాట ఇది: ‘ఏడవడు. మాటాడడు. గదిలో కూకుని ఆ ఫోన్లో ఏటో కడతన్నాడురా తమ్ముడూ. రోజూ కడతన్నాడు.’

వాడు కడుతున్నది రైలు మార్గం. ఆడుతున్నది మైన్‌క్రాఫ్ట్.

గీత లేని లోకం

ఓపెన్ వరల్డ్ గేమ్ అంటే ఏమిటో తెలియని పెద్దలకు ఒక మాట చెప్పాలి. పాతకాలపు వీడియో గేముల్లో దారి ఒకటే. ఎడమ నుంచి కుడికి పరుగెత్తాలి. ఒక అంచె దాటితే రెండోది తెరుచుకుంటుంది. ఓపెన్ వరల్డ్ ఆటల్లో మొదటే మొత్తం భూమిని మీ ముందు పరిచేస్తారు. దూరంగా కొండ కనిపిస్తే నడిచి వెళ్లి ఎక్కవచ్చు. అప్పగించిన పని చేయవచ్చు, చేయకుండా ఏటి ఒడ్డున నిలబడి వాన చూడవచ్చు. తొందరపెట్టేవారుండరు.

2004లో వచ్చిన గ్రాండ్ తెఫ్ట్ ఆటో శాన్ ఆండ్రియాస్‌ను మన దేశంలో ఒక తరం ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింతని డబ్బులిచ్చి ఆడింది. అది నేరాల ఆట. తుపాకులు, దొంగతనాలు దాని సరుకు. అయినా అందులో చాలామంది కుర్రాళ్లు చేసిన పని కారెక్కి ఊరికే తిరగడం. మూడు నగరాలను చుట్టే రైలు కూడా ఉంది. ఆ రైలింజన్ ఎక్కి నడపవచ్చు. 2017లో వచ్చిన జెల్డా బ్రెత్ ఆఫ్ ద వైల్డ్, 2018 నాటి రెడ్ డెడ్ రిడంప్షన్ 2 లాంటివి ఈ తిరుగుడునే అందంగా మలిచాయి. ఇండోనేషియాలో తయారైన బస్ సిమ్యులేటర్‌లో బస్సులకు మన రాష్ట్రాల బస్సుల రంగులు పూసుకుని నడిపే పిల్లలు దేశమంతా ఉన్నారు.

వీటన్నిటిలోకీ మైన్‌క్రాఫ్ట్ నిరాడంబరమైనది. స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ 2009లో మొదలుపెట్టాడు. 2011లో పూర్తిస్థాయిలో విడుదలైంది. 2023 నాటికి 30 కోట్ల కాపీలకు పైగా అమ్ముడైంది. బొమ్మలు మొరటుగా ఉంటాయి. చెట్టు, పుట్ట, ఆవు, సూర్యుడు సహా అన్నీ చదరపు దిమ్మలే. ఒక్కో దిమ్మ ఒక మీటరు. కంప్యూటర్ మీద ఆడే రకంలో ఆ లోకం ఈ అంచు నుంచి ఆ అంచుకు 6 కోట్ల దిమ్మలు. అంటే 60,000 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత కంటే ఎక్కువ. దాన్ని ఎవరూ నడిచి పూర్తిచేయలేరు.

భిలాయ్ పిల్లవాడికి ఆ లోకం కొత్తగా అనిపించదు. అందులో రైలు పట్టా కావాలంటే కొనరు, తయారుచేస్తారు. ముందు గని తవ్వి ఇనుప ఖనిజం తీయాలి. బొగ్గు తవ్వాలి. కొలిమిలో బొగ్గు వేసి ఖనిజాన్ని కరిగించి ఇనుప కడ్డీ చేయాలి. ఆరు కడ్డీలు, ఒక కర్ర కలిపితే 16 పట్టాలొస్తాయి. 2019 నుంచి అందులో బ్లాస్ట్ ఫర్నేస్ కూడా ఉంది. మామూలు కొలిమి కంటే రెట్టింపు వేగంతో కరిగిస్తుంది. దల్లీ-రాజ్‌హరా, భిలాయ్, బీఎంవై అన్నీ ఒక్క పిల్లవాడి బొటనవేళ్ల కింద.

మూడు వేల దిమ్మల దూరం లైను వేయాలంటే 1,100 పైచిలుకు కడ్డీలు కావాలి. అన్ని కడ్డీలకు సరిపడా ఖనిజం తవ్వాలి. చీకటి పడితే రాక్షసులు తిరుగుతాయి కాబట్టి దారి పొడవునా దివిటీలు నాటాలి. కొండ అడ్డొస్తే సొరంగం, ఏరు అడ్డొస్తే వంతెన. మా మేనల్లుడు మే నెలంతా చేసింది ఇదే.

ఊరట ఎక్కడి నుంచి వస్తుంది

ఇలాంటి ఆటల వల్ల మనసుకు మేలా, కీడా అన్నది పరిశోధకులు తేల్చడానికి ప్రయత్నిస్తున్న సంగతే. వారి లెక్కలు ఒకే మాట చెప్పడంలేదు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2022లో దాదాపు 39,000 మంది ఆటగాళ్ల వివరాలు పరిశీలించారు. ఆడిన సమయానికీ, మనసు బాగోగులకూ చెప్పుకోదగ్గ సంబంధం లేదన్నారు. మేలు లేదు, కీడూ లేదు. అయితే ఎందుకు ఆడుతున్నారన్నది ముఖ్యమని తేలింది. ఇష్టంతో ఆడేవారి పరిస్థితి నయంగా ఉంది. ఆడకుండా ఉండలేక ఆడేవారి పరిస్థితి అలా లేదు.

జపాన్‌లో మహమ్మారి రోజుల్లో గేమ్ యంత్రాల కొరత వచ్చి దుకాణాలు లాటరీ పెట్టి అమ్మాయి. అంటే ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదన్నది కేవలం అదృష్టం. ఈ అవకాశాన్ని వాడుకుని అక్కడి పరిశోధకులు లాటరీ తగిలినవారినీ, తగలనివారినీ పోల్చారు. 2024లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం యంత్రం దొరికినవారి మనసు కుదుట కొంత మెరుగ్గా ఉంది. రోజుకు మూడు గంటలు దాటాక ఆ లాభం తగ్గుతూ వచ్చింది. అదే ఏడాది లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు పీజీ విద్యార్థుల మీద చేసిన మరో అధ్యయనం ప్రత్యేకంగా ఓపెన్ వరల్డ్ ఆటలనే తీసుకుంది. 32 మందితో మాట్లాడి, 609 మందిని సర్వే చేసి, బాధలనుంచి కాసేపు పక్కకు తప్పుకునే వీలు ఈ ఆటల్లో ఉందనీ, దానివల్ల మనసు తేలికపడుతోందనీ తేల్చింది.

పక్కకు తప్పుకోవడం అన్న మాట దగ్గర పెద్దలకు అనుమానం వస్తుంది. తప్పుకోవడమంటే పారిపోవడం కాదా? చరోదా క్వార్టర్‌లో జరిగింది చూస్తే అలా అనిపించదు. తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడు మరో లోకానికి పోయి అక్కడ రాజు కాలేదు. శత్రువుల్ని చంపలేదు. గని తవ్వాడు, ఇనుము కరిగించాడు, పట్టాలు వేశాడు. వాడు చేసింది తండ్రి లోకంలోని పనే.

వాడి ఇంటి లోకంలో అప్పుడు ఎంత చేసినా ఫలితం కనిపించే పని ఒక్కటీ లేదు. అమ్మను ఓదార్చలేడు. ఊరికి పోలేడు. తండ్రి ముంతను చెట్టుకొమ్మ నుంచి దింపలేడు. ఆటలో మాత్రం ఆరు కడ్డీలు పెడితే 16 పట్టాలు వస్తాయి. ఈరోజూ వస్తాయి, రేపూ వస్తాయి. నిన్న వేసిన వంతెన నేడు అక్కడే ఉంటుంది. కష్టకాలంలో మనిషికి కావలసింది కొన్నిసార్లు ఆనందం కాదు, మాట తప్పని లోకం.

మైన్‌క్రాఫ్ట్‌లో ఒక రోజు నిడివి 20 నిమిషాలు. రాత్రి వస్తుంది, కాసేపటికి తెల్లారుతుంది. నిద్రపట్టని పిల్లవాడికి ఒక్క రాత్రిలో పది, పదిహేనుసార్లు తెల్లారేది. మంచి జరుగుతుందని వాడికి ఎవరూ చెప్పలేని రోజుల్లో కనీసం అది జరిగేది.

శిల్పి కథ

చరోదాకు ఆనుకుని దేవబలోదా అనే పల్లె ఉంది. అక్కడ కలచురుల కాలం నాటి శివాలయం ఉంది. 13వ శతాబ్దానిదని చెబుతారు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. పక్కన కోనేరు. గోడల మీద ఏనుగులు, వేట దృశ్యాలు, నాట్యకత్తెలు. మహాశివరాత్రికి పెద్ద తిరునాళ్లు. చరోదా తెలుగువారు కూడా బుట్టల్లో కొబ్బరికాయలతో వెళ్తారు.

ఆ గుడికి శిఖరం పూర్తికాలేదు. ఎందుకంటే స్థానికులు ఒక కథ చెబుతారు. శిల్పి ఆరు నెలలపాటు సాగిన ఒకే రాత్రిలో గుడి చెక్కుతున్నాడట. పనిలో ఎంత మునిగాడంటే ఒంటిమీద బట్ట కూడా మరిచాడు. రోజూ భార్య అన్నం తెచ్చేది. ఒకరోజు భార్యకు బదులు చెల్లెలు వచ్చింది. ఆమెను చూసి సిగ్గుతో శిల్పి కోనేట్లోకి దూకాడు. శిఖరం అలాగే మిగిలిపోయింది.

కథ ఎంత పాతదో గానీ అందులోని దృశ్యం ఇవాళ్టి ఇళ్లకు బాగా తెలిసినదే. చీకటి గది. తలుపు దగ్గర కంచంతో అమ్మ. తెరమీద మునిగిపోయి తిండి, స్నానం మరిచిన పిల్లవాడు. ఎవరైనా అకస్మాత్తుగా లోపలికి వస్తే వాడి ముఖంలో సిగ్గు. మునిగి పనిచేయడం ఎంత గొప్పదో, అందులోంచి మనిషిని ఒక్కసారిగా బయటికి లాగడం ఎంత ప్రమాదమో ఆ కథకు తెలుసు. అలాగని ఆరు నెలల రాత్రి మంచిదని కూడా కథ చెప్పదు.

బయటివారికి తెర మాత్రమే కనిపిస్తుంది. దాని వెనుక ఏముందో కొన్నిసార్లు చాలా ఆలస్యంగా తెలుస్తుంది. నార్వేలో మాట్స్ స్టీన్ అనే యువకుడికి కండరాలు క్షీణించే జబ్బు. చక్రాల కుర్చీలోనే పెరిగాడు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆటలో ఏళ్ల తరబడి గడిపాడు. స్నేహం, ప్రేమ తెలియకుండానే కొడుకు బతుకు గడిచిపోయిందని తల్లిదండ్రులు బాధపడ్డారు. 2014లో 25 ఏళ్ల వయసులో అతను చనిపోయాక ఆ కబురును అతని బ్లాగులో పెట్టారు. దేశదేశాల నుంచి ఉత్తరాలు వెల్లువెత్తాయి. ఆటలో ‘ఇబెలిన్’ పేరుతో తిరిగిన తమ కొడుకు ఎందరికి ఆప్తుడో వారికి అప్పుడే తెలిసింది. కొందరు విమానాలెక్కి అంత్యక్రియలకు వచ్చారు. 2024లో అతని మీద వచ్చిన డాక్యుమెంటరీని ప్రపంచమంతా చూసింది.

లూప్ లైను

అయితే ఈ ఓదార్పుకు హద్దుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తీరు చూస్తే రెండు వైపులూ కనిపిస్తాయి. గేమింగ్ డిజార్డర్‌ను జబ్బుల జాబితాలో చేర్చడానికి 2019లో ఆమోదం లభించింది. 2022 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. ఈ రెంటికీ మధ్య, 2020 మార్చిలో, ఇళ్లలోనే ఉండి విడివిడిగా కలిసి ఆడుకోండంటూ గేమింగ్ కంపెనీలు చేపట్టిన ప్రచారానికి అదే సంస్థ మద్దతు పలికింది. ఇందులో వైరుధ్యం లేదు. ఆడటం జబ్బు కాదు. ఆట మీద అదుపు పోవడం, నష్టం కళ్లకు కడుతున్నా కనీసం ఏడాదిపాటు అదే ధోరణిలో సాగడం జబ్బు.

మన దేశంలో ఈ చర్చ తరచూ నిషేధాల చుట్టూ తిరుగుతుంది. 2020 సెప్టెంబర్‌లో పబ్‌జీ మొబైల్‌ను నిషేధించారు. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై పార్లమెంటు చట్టం చేసింది. జేబు ఖాళీ చేసే జూదాన్నీ, మైన్‌క్రాఫ్ట్‌లో వంతెన కట్టుకునే పిల్లవాణ్నీ ఒకే గాటన కట్టడం ఇళ్లలో ఇంకా జరుగుతూనే ఉంది. మా చుట్టాల్లోనూ జరిగింది. తండ్రి పోయిన ఇంట్లో ఆటలేమిటని ఒకరు, ఫోన్ లాక్కోమని మరొకరు. అక్క లాక్కోలేదు. అలాగని పూర్తిగా వదిలేయనూ లేదు. అన్నానికి పిలిచేది. వాడు రాకపోతే కంచం తీసుకుని పక్కన కూర్చునేది. తెరవైపు చూసి ‘ఇదేటి? ఇదెక్కడికి పోతాది?’ అని అడిగేది.

రైల్వేలో దీనికి సరిపోయే ఏర్పాటు ఒకటుంది. చాలా స్టేషన్లలో మెయిన్ లైను పక్కన లూప్ లైను ఉంటుంది. వెనకనుంచి ఎక్స్‌ప్రెస్ వస్తుంటే గూడ్సు బండిని ఆ లూప్‌లోకి మళ్లిస్తారు. ఎక్స్‌ప్రెస్ ఎంత వేగంతో దూసుకుపోయినా పక్కకు తప్పుకున్న బండికి దెబ్బ తగలదు. లూప్‌లో ఉన్న బండి దారి తప్పినట్టు కాదు, ప్రయాణం మానేసినట్టూ కాదు. కాకపోతే ఆ లైను చివర ఒక సిగ్నల్ ఉంటుంది. ఎక్స్‌ప్రెస్ వెళ్లి ముందు దారి ఖాళీ అయ్యాక అది మారాలి. బండి కదలాలి. సిగ్నల్ ఇచ్చేవారే లేకపోతే లూప్‌లోనే తుప్పు పడుతుంది.

కష్టకాలంలో ఓపెన్ వరల్డ్ ఆట ఇచ్చేది లూప్ లైను లాంటి ఊరట. మోయలేనంత వేగంతో వచ్చే దుఃఖాన్ని పక్కనుంచి పోనిస్తుంది. సిగ్నల్ మాత్రం ఆట ఇవ్వదు. ఓపెన్ వరల్డ్ ఆటకు ముగింపే ఉండదు కాబట్టి ఇవ్వలేదు కూడా. అది ఇంట్లోవాళ్లు ఇవ్వాలి, స్నేహితులు ఇవ్వాలి, తెరుచుకున్న బడి ఇవ్వాలి.

లైను చివర

ఆ లైను ఎక్కడికి వేస్తున్నాడో జూన్‌లో తెలిసింది. తూర్పుకు. ఆ ఆటలో సూర్యుడు తూర్పునే ఉదయిస్తాడు. ఎప్పటికప్పుడు దిక్కు సరిచూసుకుంటూ, సముద్రం కనిపించేదాకా పట్టాలు వేశాడు. ఒడ్డున ఒక చిన్న గది కట్టాడు. అందులో రెండు మంచాలు. రెండెందుకని తల్లి అడిగితే, ‘రన్నింగ్ రూమ్ కదమ్మా. లోకో పైలట్‌కి ఒకటి, అసిస్టెంట్‌కి ఒకటి’ అన్నాడు. ఆ సాయంత్రమే తల్లీకొడుకులు మొదటిసారి కలిసి ఏడ్చారని అక్క తర్వాత చెప్పింది.

2021 జూలైలో ప్రత్యేక రైలు దొరికింది. ముంతను గుడ్డలో కట్టుకుని ఇద్దరూ రాయ్‌పూర్‌లో ఎక్కారు. మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం. విజయనగరంలో నేను కలిశాను. వంశధార సముద్రంలో కలిసే చోట నీళ్లు బురద రంగులో ఉన్నాయి. దూరంగా కళింగపట్నం దీపస్తంభం. పంతులుగారు చెప్పినట్టల్లా చేశాడు పిల్లవాడు. పని అయ్యాక ఒడ్డున నిలబడి, ‘ఇక్కడ ఇసక ఎక్కువ మావయ్యా. నేను గది కొంచెం వెనక్కి కట్టాల్సింది’ అన్నాడు.

తర్వాతి సంగతులు మామూలుగానే సాగాయి. అక్కకు కారుణ్య నియామకం కింద రైల్వేలోనే ఉద్యోగం వచ్చింది. బడులు తెరిచారు. వాడు క్రికెట్‌కు వెళ్లడం మొదలుపెట్టాడు. ఆటను ఎవరూ మాన్పించలేదు, అదే తగ్గింది. 2024 సెప్టెంబర్‌లో దుర్గ్-విశాఖపట్నం వందేభారత్ ప్రారంభమైనప్పుడు ఊరికి వెళ్లే దారి ఇంకాస్త దగ్గరైందని చరోదా తెలుగువారు సంబరపడ్డారు. ఆ పాత ఫోన్ ఇప్పటికీ అలమారాలో ఉంది. ఆ ఆటలో ఒక సుగుణం ఉంది. ఆడనప్పుడు అందులో కాలం కదలదు. పట్టాలకు తుప్పు పట్టదు, దివిటీలు ఆరవు.

ఏ ఇంట్లోనైనా కష్టం వచ్చినప్పుడు తెర ముందు కూర్చున్న పిల్లవాణ్ని చూస్తే పెద్దల నోట మొదట వచ్చే ప్రశ్న ‘ఎంతసేపు ఆడావు?’ అని. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ అబద్ధమే. చరోదాలో డ్యూటీ దిగి వచ్చినవారిని అడిగే ప్రశ్న అంతకంటే మెరుగైనది. ఎక్కడిదాకా వెళ్లావు? అడిగి, పక్కన కూర్చుని, చూపించమంటే చూపిస్తారు.